ఇద్దరు గౌరవనీయుల సంతకాలు

నేను తాగుతాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ సగం పని తప్పుతుంది. మా ఆఫీసువాళ్ళ ముందు ఈ మాట చెప్పడానికి నాకు పధ్నాలుగు నెలలు పట్టింది, అదీ మైకులో చెప్పాల్సి వచ్చింది. అంచేత ఇప్పుడు కొత్తవాళ్ళెవరు కనబడినా ముందు ఇది చెప్పేసి, తర్వాత కుశలప్రశ్నలు అడుగుతున్నాను.

నా పేరు ఎర్రంశెట్టి మంగతాయారు. వయసు నలభై ఆరు. ఉద్యోగం సీనియర్ అసిస్టెంటు. ఆఫీసు పేరు చెబితే నవ్వకూడదు: జిల్లా మహిళా వ్యసన విముక్తి విభాగం. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ ఏడే, నిద్ర పడుతుందని ఎవరో అంటే మొదలుపెట్టాను. నిద్ర పట్టలేదు గానీ ఇది పట్టుకుంది. పొద్దున్న పదకొండయ్యేదాకా నా వేళ్ళు టైపు మీద నిలవవు. పదకొండుకి ఫ్లాస్కు మూత తీస్తాను, అప్పుడు నిలుస్తాయి. అందులో టీ ఉందని సెక్షన్లో అందరూ అనుకుంటున్నారని నేననుకుంటూ ఉండేదాన్ని.

మా పాప లహరి ఇంటర్ రెండో ఏడు. నేను తాగి పెట్టిన కాఫీ గ్లాసు కడిగే ముందు వాసన చూస్తుంది. ఏమీ అనదు, చూసి కడుగుతుంది. దాని కోసం మూడుసార్లు నా అంతట నేనే మానేశాను. మూడోసారి, రెండో రోజున, గోడ మీద చీమలు బారులు కట్టాయే అని పాపని పిలిచి చూపించాను. గోడ మీద ఏమీ లేవు. ఆ పిల్ల నా మొహం చూసి, చీపురు తెచ్చి, లేని చీమల్ని శ్రద్ధగా ఊడ్చింది. ఇక ఎక్కడన్నా చేరి వైద్యం చేయించుకోవాల్సిందేనని ఆ రోజే అనుకున్నాను. నాకు కావలసింది ఒక మంచం, ఇరవై ఒక్క రోజులు. అంతకు మించి ఈ కథలో నేను కోరిందేమీ లేదు.

ఆ మంచం నా కుర్చీ కిందే ఉంది. మా ఆఫీసు మేడ మీద, వార్డు కింద. పది మంచాలు, పది తెల్ల దుప్పట్లు, డాక్టర్ నీలవేణి అని ఒక మంచి డాక్టరు. మధ్యలో పదిహేడు మెట్లు. ఆ పదిహేడు మెట్లూ దిగడానికే నాకు పధ్నాలుగు నెలలు పట్టింది.

మా ప్రాజెక్టు డైరెక్టరు చిరువోలు ఆనందమూర్తి గారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఇంత జరిగేది కాదు. ఆయనకి ఆడవాళ్ళంటే మహా గౌరవం. ఎదురుపడితే గోడవైపు తిరిగి మాట్లాడతారు. వార్డు మంజూరైన రోజున మీటింగు పెట్టి, గోడకే సెలవిచ్చారు. "స్త్రీమూర్తి గౌరవ ప్రతిష్ఠలకు లేశమాత్రమైనా భంగం వాటిల్లని రీతిలో ఈ పథకాన్ని క్షేత్రస్థాయికి తీసుకుపోవాలి. గౌరవం మొదటిది, చికిత్స రెండోది."

మాట బాగుంది. నేనే మినిట్స్‌లో రాశాను. అప్పటికి గుమ్మం మీద 'మహిళా మద్య వ్యసన చికిత్సా కేంద్రం' అని బోర్డుండేది. ఆ గుమ్మంలో అడుగుపెట్టిన ఆడమనిషిని చూసి ఎదురుగా టిఫిను తింటున్నవాళ్ళు ఏమనుకుంటారు అని ఆయన అడిగారు. నిజమే కదా అని నాకూ అనిపించింది. బోర్డు మార్చి 'మహిళా ఆరోగ్య కేంద్రం' అన్నాం. కడుపుతో ఉన్నవాళ్ళు వరస కట్టారు. 'గృహలక్ష్మి విశ్రాంతి నిలయం' అన్నాం. పెళ్ళివారు వచ్చి, విడిదికి ఎన్ని గదులున్నాయి, వంటపాత్రలు మీరే ఇస్తారా అని అడిగారు. ఆఖరికి బోర్డు మొత్తానికి ఆకుపచ్చ రంగు కొట్టించి, ఒక్క అక్షరం లేకుండా మళ్ళీ మేకులు కొట్టించారు. దాని మీద ఎవరికీ అభ్యంతరం రాలేదు. ఒకాయన మాత్రం చాలాసేపు నిలబడి చూసి, దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు.

తర్వాత ఉత్తర్వు వచ్చింది. 'మహిళ' అనే మాటా 'మద్యం' అనే మాటా ఒకే వాక్యంలో రాకూడదు. ఒకే పేజీలో రాకూడదు. వీలున్నంతవరకు ఒకే ఫైల్లో కూడా ఉండకూడదు. అంచేత మా సెక్షన్లో మహిళల ఫైళ్ళు ఒక బీరువాలో, మద్యం ఫైళ్ళు ఇంకో బీరువాలో పెట్టి, మధ్యలో మంచినీళ్ళ కుండ పెట్టాం. హెడ్డాఫీసు నుంచి అచ్చయి వచ్చిన అడ్మిషన్ ఫారాల్లో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. వెయ్యి ఫారాలు. వెయ్యింటి మీదా నల్లసిరా పూసింది నేనే. పదకొండు దాటాకే లెండి.

ఇక అవగాహన కార్యక్రమం. ఈ రెండు మాటలూ లేకుండా ఆడవాళ్ళకి తాగుడు గురించి అవగాహన కలిగించాలి. ఊరంతా పోస్టర్లు వేశాం: 'అమ్మా! ఆ సంగతి మాకు తెలుసు. సిగ్గుపడకుండా అక్కడికి రండి.' ఆ వారంలో చీటీ పాడుకుని ఎగ్గొట్టిన ఆడవాళ్ళు నలుగురు వచ్చి, తెలిసిపోయిందా అమ్మా అని నా కాళ్ళ మీద పడ్డారు. ఒకావిడ, మా తోడికోడలు నగ సంగతి మీకెవరు చెప్పారని పోట్లాటకే వచ్చింది. ఊరేగింపు కూడా తీశాం. డ్వాక్రా మహిళలు మూడువందల మంది, చేతుల్లో ఖాళీ ప్లకార్డులు. ముందున్న ఆవిడ 'వద్దు వద్దు' అంటే, వెనకున్నవాళ్ళు 'అది వద్దు' అనాలి. మర్నాడు పేపర్లో, ఊరి చివర చెత్త డంపు వద్దంటూ మహిళల భారీ నిరసన అని ఫొటోతో సహా వేశారు. డంపు పని ఆపేశారు కూడా. మా విభాగం సాధించిన ఒకే ఒక్క ఫలితం అది.

చివర సర్వే. మీరు తాగుతారా అని ఆడదాన్ని అడగడం అమర్యాద అన్నారు డైరెక్టరు గారు. అందుకని ప్రశ్న మార్చారు: 'మీరు తాగరు కదా?' ఎవరిని అడిగినా 'తాగనండి' అన్నారు. నన్నూ అడిగారు. అప్పుడు నా బల్ల మీద ఫ్లాస్కుంది, తాగనండి అన్నాను. లెక్క తేలింది: జిల్లాలో అలాంటివారు సున్నా. డైరెక్టరు గారికి ఆనందబాష్పాలు వచ్చాయి. సున్నా జిల్లాగా ప్రకటించమని పైకి రాశారు. ఆ ఉత్తరం టైపు కొట్టిందీ నేనే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ధైర్యం చేసి మెట్లు దిగాను. డాక్టర్ నీలవేణి పది ఖాళీ మంచాల మధ్య కూర్చుని స్వెట్టరు అల్లుకుంటోంది. ఎంతకాలంగా, ఎంత అని అడిగింది. దాచకుండా చెప్పాను. చీమల సంగతి చెబితే సూదులు పక్కన పెట్టింది.

"తాయారు గారూ, మీ అంతట మీరు ఒక్కసారిగా మానకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఇది జబ్బు. మందులున్నాయి, నేనున్నాను. రేపే చేరండి."

తొమ్మిదేళ్ళలో దాన్ని జబ్బన్న మనిషి ఆవిడే. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ అడ్డు చెప్పలేదు. తర్వాత చాలా మొహమాటంగా ఫారం తీసింది. నేను నల్లసిరా పూసిన ఫారమే.

గోప్యత కోసం రోగి పేరు రాయకూడదు, కోడ్ నంబరుండాలి. ఆ నంబరు ఇవ్వడానికి గోప్యతా కమిటీ ఉంది, ఏడుగురు సభ్యులు. రోగి రహస్యంగానే ఉందని నిర్ధారించుకోవడానికి ఆ ఏడుగురూ ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తారు. దానికి ముందు ఆమె వీధిలోని ఇద్దరు గౌరవనీయులు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి: 'ఈమెకు ఆ అలవాటున్నట్లు మాకు తెలియదు.' గౌరవం చెక్కుచెదరలేదని దాన్నిబట్టి తేలుతుందన్నమాట. ఈ నిబంధన మీటింగులో పెట్టినప్పుడు, ఎంత ముందుచూపో అని మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అడుగున ఇంకో దారి కూడా ఉంది: లేదా, ఈమె ఫలానా అని గెజిటెడ్ అధికారి సంతకంతో, ముద్రతో రాసిచ్చిన కాగితం. ఆ 'ఫలానా' ఉన్నచోట అచ్చయిన మాటల మీద నేను పూసిన నల్లసిరా ఉంది. ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో రాసే గెజిటెడ్ అధికారి జిల్లాలో ఎక్కడున్నాడు? అంచేత సంతకాలకే బయల్దేరాను.

మా వీధిలో గౌరవనీయులంటే మొదట తటవర్తి సోమయాజులు గారు. రిటైరైన హెడ్మాస్టరు, జీవితంలో అబద్ధమాడని మనిషి. వెళ్ళి విషయం చెప్పి కాగితం ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"తెలియదని ఎలా రాయనమ్మా? నాకు తెలుసు కదా."

ఎప్పటినుంచి అని అడిగాను. ఎనిమిదేళ్ళయి ఉంటుంది, ఆ వినాయక చవితి పందిట్లో పడిపోయావు చూడు, అప్పటికే ఏడాదిగా అనుకునేవాళ్ళం అన్నారు, చాలా మృదువుగా. వాళ్ళావిడ విశాలాక్షమ్మ గారు గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నవ్వుతోందనుకుని నాకు ఒళ్ళు మండింది.

పక్కింట్లో టైలరింగు ఆవిడకి తెలుసు. ఎదురింటి బ్యాంకు ఆయనకి తెలుసు. పాలాయనకి తెలుసు, పాప ట్యూషన్ మాస్టరికి తెలుసు. పన్నెండు ఇళ్ళు తిరిగాను. ఒక్కరన్నా 'అయ్యో, మీకా!' అంటారేమోనని చూశాను. కిందటేడే అద్దెకొచ్చిన కొత్త కాపురం వాళ్ళు మాత్రం తెలియదని రాసిస్తామన్నారు. సంబరపడ్డాను. సంతకం పెట్టబోతూ ఆ అమ్మాయి, "ఇల్లు చూపించినప్పుడే ఓనరు గారు చెప్పారండి, అది రాయక్కర్లేదా?" అంది. తొమ్మిదేళ్ళుగా నేను యాలకులు నమిలి నమిలి దవడలు అరగ్గొట్టుకుని కాపాడుకున్న గౌరవం ఇదీ. వీధి వీధంతా మర్యాదకి నోరు మూసుకుంది. నోరు మూసుకున్నవాళ్ళే గానీ, ఫలానా చోట డాక్టరుందమ్మా అన్నవాళ్ళు లేరు.

తిరిగొచ్చి ఆఫీసు మెట్ల కింద కూలబడ్డాను. అక్కడ పోలమ్మ కూరల గంప పెట్టుకుంటుంది. నాకు సీసాలు తెచ్చిపెట్టేది ఆమే. బ్రాందీ షాపు ముందు నేను నిలబడలేను, ఆమె నిలబడగలదు. ఆమెకీ అలవాటుంది గనక నా వాటా తేవడం ఆమెకి వేరే పని కాదు. నా కథ విని, వంకాయలు తుడుచుకుంటూ అంది.

"నాకైతే ఆ ఇబ్బందే లేదండి. నా గురించి తెలీదని రాసేవోడు ఈ జిల్లాలోనే లేడు. మరి నన్ను సేర్సుకుంటారేటండి?"

చేర్చుకోరు పోలమ్మా, నీకు కాపాడేంత గౌరవం లేదు అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. ఆమె మాత్రం కోపగించుకోలేదు, అంతేలెండి అంది.

ఇంతలో రాష్ట్రం నుంచి పరిశీలన బృందం వచ్చింది. సున్నా జిల్లా అని ధ్రువీకరించి షీల్డు ఇచ్చి వెళ్ళాలి. టౌన్‌హాల్లో సభ, పూలదండలు, బృంద నాయకులకి జీడిపప్పు పళ్ళెం. ఉదయం పదింబావు. నివేదిక చదవాల్సింది నేను. పదకొండు కాలేదు గనక కాగితం నా చేతిలో విస్తరాకులా ఊగిపోతోంది. మూడో వరసలో మా లహరి కూర్చుంది. అమ్మ మైకులో మాట్లాడుతుందని కాలేజీ మానుకుని వచ్చింది పిచ్చిపిల్ల. నా చేతులకేసే చూస్తోంది.

"జిల్లా అంతటా సమగ్రంగా విచారించగా, ఆ విధమైన స్త్రీలు ఎవరూ లేరని తేలింది" అన్నంతవరకు చదివాను. తర్వాత వాక్యం కనబడలేదు. పాప కనబడింది. ఈ కాగితం పూర్తిగా చదివేస్తే, ఇంటికెళ్ళి ఆ పిల్ల నా గ్లాసు మళ్ళీ వాసన చూడాలి, మళ్ళీ ఏమీ అనకుండా ఉండాలి.

"నేను తాగుతాను సార్. నేను మహిళనే. మద్యం మానడానికి నాకు కింద వార్డులో ఒక మంచం ఇప్పించండి."

చప్పట్లు కొట్టడానికి చేతులెత్తినవాళ్ళు అలాగే ఉండిపోయారు. బృంద నాయకులు జీడిపప్పు నమలడం ఆపారు. ఆనందమూర్తి గారు లేచి, గోడ దొరక్క, తెరవైపు తిరిగి, ఆ వాక్యం మినిట్స్‌లో రాయకండి అన్నారు. మినిట్స్ రాసేది నేనే. రాశాను.

షీల్డు వెనక్కి వెళ్ళిపోయింది. నా మీద చర్య తీసుకోవాలి. డైరెక్టరు గారు రెండ్రోజులు కష్టపడి మెమో రాశారు: 'సదరు ఉద్యోగిని అక్కడ అది అన్నందున, అది చేస్తున్నట్లు తెలియవచ్చినందున...' లీగల్ సెక్షన్ వాళ్ళు వెనక్కి పంపారు. ఏది అన్నది, ఏది చేస్తోంది? ఆరోపణ ఒకే వాక్యంలో స్పష్టంగా లేకపోతే చెల్లదన్నారు. మళ్ళీ రాశారు: 'ఒక ద్రవ పదార్థానికి సంబంధించి...' అదీ వెనక్కొచ్చింది. మూడోసారి ఆయన తలుపేసుకుని కూర్చున్నారు. సాయంత్రం బయటికొచ్చి, కాగితం నా బల్ల మీద బోర్లా పెట్టి, గోడతో "టైపు చేయించండి" అన్నారు. సెక్షన్లో తెలుగు టైపు వచ్చింది నాకొక్కదానికే.

తిప్పి చూశాను. 'సీనియర్ అసిస్టెంటు శ్రీమతి ఎర్రంశెట్టి మంగతాయారు అను మహిళ మద్యమునకు బానిస అని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. ఆమెను ఇరవై ఒక్క రోజులు సస్పెండు చేయడమైనది.'

ఒక్క తప్పు లేకుండా కొట్టాను. ఆయన కళ్ళు మూసుకుని సంతకం చేశారు. గెజిటెడ్ ముద్ర గుండ్రంగా, ఊదారంగులో, నా పేరు పక్కనే పడింది. సిరా ఆరకుండానే పదిహేడు మెట్లూ దిగి డాక్టర్ నీలవేణి చేతిలో పెట్టాను. ఆవిడ చదివి, ఫారం అడుగునున్న 'లేదా' అన్న మాట కింద గీత గీసి, ఒకటో నంబరు మంచం మీద దుప్పటి సర్దింది.

దిగుతున్నప్పుడే పోలమ్మ అడిగింది, "నాకూ ఓ మెమో ఇప్పించండి తాయారుగారూ" అని. ఉద్యోగం ఉన్నవాళ్ళకే మెమో ఇస్తారన్నాను. "ఆయ్, తిట్టించుకోటానిక్కూడా ఓ ఆఫీసరుండాలన్నమాట" అంది. ఆ మాట డాక్టరు చెవిన పడింది. ఆవిడ నిబంధనల పుస్తకం తిరగేసి, ప్రతి రోగికీ తోడు ఉండాలని ఆస్పత్రి నిబంధన ఉంది, తోడు ఎంతమందో అందులో రాయలేదు అంది. తోడుకి కోడ్ నంబరు అక్కర్లేదు, గోప్యతా కమిటీ అక్కర్లేదు, గౌరవం కూడా అక్కర్లేదు. పోలమ్మ గంప మెట్ల కింద బోర్లించి వచ్చి రెండో మంచం ఎక్కింది.

వారం తిరక్కుండా నాకు తోడుండటానికి ఎంతమంది ఆత్మీయులు బయల్దేరారో చెబితే మీరు నమ్మరు. స్కూలు ఆయా ఒకామె, బ్యూటీ పార్లరు అమ్మాయి, ఒక కాంట్రాక్టరు గారి భార్య కారులో, ఖాళీ ప్లకార్డు పట్టుకుని ఊరేగింపులో ముందు నడిచి 'వద్దు వద్దు' అన్న ఆవిడ. ఎవరికెవరం ఏమీ కాము. అందరూ తాయారు గారికి తోడుగా వచ్చామనే చెప్పారు. అందరికీ చేతులు వణుకుతున్నాయి.

తొమ్మిదో రోజు పొద్దున్న విశాలాక్షమ్మ గారు చిన్న సంచీతో గుమ్మంలో నిలబడ్డారు. సోమయాజులు గారి భార్య. కొంగు నోటికి అడ్డం. దగ్గరికొచ్చి కూర్చున్నాక కొంగు తీశారు. ఆ వాసన నాకు తెలియనిది కాదు. ఆ రోజు నేను నవ్వు అనుకున్నది దీన్నే.

మాస్టారికి తెలుసా అని అడిగాను.

"ఆయనకి నీ సంగతి ఎనిమిదేళ్ళుగా తెలుసు తాయారూ. నాది పదకొండేళ్ళుగా తెలీదు" అన్నారు. నా ఎదుటి మంచం ఆవిడకి ఇప్పించాను.

పది మంచాలూ నిండాయి. రిజిస్టరు ప్రకారం ఒక రోగి, తొమ్మిది మంది తోడు. ఆనందమూర్తి గారు పైకి రాసిన నివేదిక నాకు చదివి వినిపించారు, కిటికీ వైపు తిరిగి. జిల్లాలో ఆ విధమైన స్త్రీ ఒక్కరేననీ, ఆ ఒక్కరికీ తొమ్మిదిమంది సోదరీమణులు రేయింబవళ్ళు తోడుండటం మన ఆడపడుచుల సేవాభావానికి నిదర్శనమనీ రాశారు. సేవాభావానికి షీల్డు ఏమైనా ఉందేమో కనుక్కుంటున్నారట.

ఇరవయ్యో రోజున నా మెమోకి సంజాయిషీ రాయాల్సి వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి కూర్చుని చేత్తోనే రాశాను: పై ఆరోపణ నిజం. అక్షరాలు తిన్నగా వచ్చాయి.

అప్పుడే లహరి కాఫీ తెచ్చింది. తాగి గ్లాసు ఇచ్చాను. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, ముందు వాసన చూసి, తర్వాత కడిగింది. విశాలాక్షమ్మ గారు చూసి, ఇంకా ఎందుకే దానికి, ఇక్కడ కూడానా అన్నారు. చూడనివ్వండి పిన్నిగారూ అన్నాను. గౌరవనీయుల సంతకాలు రెండూ లేకపోయినా పని జరిగింది గానీ, ఈ ఒక్క పిల్ల దగ్గర నాకు అడ్డదారి లేదు. అది వాసన చూడటం మానేసేదాకా, రోజుకో గ్లాసు చొప్పున ఇస్తూ ఉండాలి.